అడగకముందే చూపిన సీసా

మా బాపుకు ఒక అలవాటు ఉండేది. సుంకం వసూలు చేసే నాకా దగ్గర ఎవరూ అడగకముందే మూట విప్పి చూపించేవాడు.

అది ఆయన ఒక్కడి అలవాటు కాదు. ఆ రోజుల్లో పాతబస్తీలో నెత్తిన సామాను పెట్టుకుని తిరిగే వాళ్ళందరి పద్ధతీ అదే. మేము ఛత్రినాక పక్కన ఉండేవాళ్ళం. మాకు ఆరు బర్రెలు. వాటి పాలే మా బతుకు. గడ్డికీ తవుడుకూ పాలు పోయడానికీ బాపు రోజుకు రెండు మూడుసార్లు నాకా దాటేవాడు. అక్కడ కరోడ్‌గిరి జవాను కూర్చుని ఊళ్ళోకి వచ్చే సరుకు చూసి సుంకం తీసుకునేవాడు. అతను చెయ్యి ఎత్తకముందే పాలబిందెల మీది గుడ్డ తీసి నిలబడితే, కూర్చున్న చోటు నుంచే ఒక చూపు చూసి పొమ్మనేవాడు. గుడ్డ తీయకుండా ముందుకు పోతే లేచి వచ్చి, బిందెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున ఏమైనా దాచామేమోనని కలియబెట్టేవాడు. పరాయివాడి చెయ్యి మునిగిన పాలు ఎవరు కొంటారు? ఆ పూట పాలు మోరీలో పోయవలసిందే.

"ముందుగాల మనమే చూపిస్తే ఇజ్జత్ మనకాడనే ఉంటది బిడ్డా. ఆడు ఇప్పిండంటే అది ఆని చేతికి పాయె" అనేవాడు బాపు.

నేను రాస్తున్నది మద్రాసు సర్కారు కడప జిల్లాలో కల్లూ సారా బందు చేసిన మరుసటి ఎండాకాలం సంగతి. మా హైదరాబాదు ఫసలీ లెక్కలో అది ఖుర్దాద్ నెల, ఇంగ్లీషు లెక్కలో ఏప్రిల్. రెండూ రాస్తున్నాను. ఆ నెల మాకు రెండు సర్కార్ల నడుమ గడిచింది. నాకప్పటికి పదమూడేళ్ళు నిండాయి.

మా అక్కను కడప జిల్లాకే ఇచ్చారు. బావ మా కులం వాడే, మా బంధువే. వాళ్ళ నాయన పనికని రైలు పట్టాల వెంట పోయి అక్కడే ఉండిపోయాడు. బావ కూడా ఆ పట్టాల మీదే గ్యాంగులో పని చేసేవాడు. తాడిపత్రి దాటాక నాలుగైదు స్టేషన్ల అవతల, ఒక చిన్న స్టేషన్ పక్కన నల్ల బండల కప్పు వేసిన ఒంటిగది ఇల్లు. అక్క మొదటి కాన్పు మా ఇంట్లో అయింది. మగపిల్లవాడు. ఐదో నెలలో బావ వచ్చి ఇద్దరినీ తీసుకుపోయాడు. మా ఇళ్ళలో బాలింతా పసిబిడ్డా ఒక ఊరి పొలిమేర దాటేటప్పుడు అక్కడ మైసమ్మకు కల్లో సారాయో నేల మీద ధారగా పోసి దాటిస్తారు. దాన్ని సాక పోయడం అంటాం. ఆ రోజు బండికి ఆలస్యమవుతుందని బావ నవ్వి, "రైలుకు పొలిమేర ఏడిది అత్తా?" అన్నాడు. అక్క కూడా నవ్వింది. సాక పోయలేదు. పిల్లవాడు అక్కడికి చేరిన వారంలో విరేచనాలు పట్టి చనిపోయాడు.

మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ తర్వాత బావను ఒక్క మాట కూడా అనలేదు. అననందుకే బావ ఆమె ముందు తల ఎత్తేవాడు కాదు.

రెండో కాన్పుకు అక్కను తీసుకురావడానికి వీలు పడలేదు. బర్రెలు ఈనే కాలం, బావకు సెలవు దొరకలేదు. ఆడపిల్ల పుట్టిందని మొదట కబురు వచ్చింది. ఆ తర్వాత బావ ఎవరిచేతనో రాయించిన కార్డు వచ్చింది. అక్కకు రోజూ సాయంత్రం చలితో జ్వరం వస్తోందనీ, పాలు పడడం లేదనీ, రైల్వే కాంపౌండరు ఇచ్చే అరకు మందు పని చేయడం లేదనీ, వచ్చి తీసుకుపొమ్మనీ అందులో ఉంది. అవ్వ పాలు పోసే ఇళ్ళలో జనానా దవాఖాన ఆయా ఇల్లు ఒకటి. అవ్వ ఆ పొద్దే పోయి ఆమె కాళ్ళు పట్టుకుంది. "తీస్కరా, మంచం నేను చూస్త. ఆలస్యం చెయ్యకుండ్రి" అని ఆయా చెప్పింది. బర్రెలను వదిలి అవ్వ రాలేదు. బిడ్డను ఎత్తుకోవడానికి బాపు వెంట నన్ను పంపారు.

బయలుదేరే ముందు అవ్వ బాపు చేతిలో ఒక సీసా పెట్టింది. సర్కారు సారా దుకాణంలో కొన్నది. మూతి మీద ఆబ్కారీ వాళ్ళ లక్క సీలు, దుకాణం వాడు ఇచ్చిన రసీదు, చుట్టూ పసుపు గుడ్డ. కల్లయితే ఆ ఎండకు తోవలోనే పొంగి పులిసిపోతుందని సారా తెచ్చింది. అక్కడ అన్నీ బందు చేశారని కార్డు తెచ్చిన రోజే ఎవరో చెప్పారు. బందు అంటే దుకాణాలు మూసేశారని, కొందామన్నా దొరకదని మేము అనుకున్నాం. అందుకే ఇక్కడినుంచి తీసుకుపోవాలని అవ్వ పట్టుబట్టింది.

"కింద పెట్టకు. ఆళ్ళ పొలిమేర కాడ సాక పోసినంకనే బిడ్డను దాటియ్యాలె. ఇన్నవా?" అంది.

"ఇన్న. చెవుల ఉన్నది గిదే మాట."

"తోవల వాసన చూసేవు!"

"సీలున్నది గదనే. నీ కన్నుల లెక్క గది సుత నన్నే చూస్తాంది" అన్నాడు బాపు. అవ్వ నవ్వింది. ఆ ఏడాది మళ్ళీ అవ్వ నవ్వడం నేను చూడలేదు.

కాచిగూడలో చిన్న పట్టాల బండి ఎక్కాం. మా సర్కారు హద్దు దాటే చోట కరోడ్‌గిరి వాళ్ళు బోగీలోకి వచ్చారు. బాపు అప్పటికే లేచి నిలబడ్డాడు. పసుపు గుడ్డ విప్పి, సీసా ఒక చేత్తో, రసీదు ఒక చేత్తో పట్టుకున్నాడు.

"క్యా హై ఏ?" అన్నాడు జవాను.

"అమ్మవారి చడావా సాబ్. సర్కారీ మాల్. సీలు చూడుండ్రి."

జవాను సీలు మీద బొటనవేలు రాసి చూశాడు. "అమ్మవారికి ఒక్క సీసానేనా? ఇంత పీనాసి భక్తుడివేందివయ్యా" అని నవ్వి పక్క బెంచీకి పోయాడు. బాపు నా వైపు చూసి కళ్ళతోనే, చూశావా, అన్నాడు. అలవాటు ఇంకా గట్టిపడింది ఆయనకు.

ద్రోణాచలంలో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి బండి మారాం. గుంతకల్లు స్టేషన్ గోడకు ఒక పెద్ద బోర్డు కట్టి ఉంది. దాని మీద ఒక సీసా బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత. కింద మూడు భాషల్లో రాసి ఉంది. బాపుకు ఉర్దూలో అంకెలు మాత్రం తెలుసు. నాకు అప్పటికి ఏ అక్షరాలూ రావు. ఎర్రగీత చూసి బాపు, "దుకాన్లు బందు అని ఏసిన్రు" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

తాడిపత్రిలో తమలపాకుల గంపతో కడప జిల్లా ఆయన ఒకడు ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. మాది హైదరాబాదని తెలియగానే బాపును పలకరించాడు. "మీకేమప్పా, దొరలు. మీ సర్కారే తాగిస్తాది. మాకు జూడు, పెండ్లికి బోతే మజ్జిగ." బాపు మర్యాదకు నవ్వాడు. సీసా మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయన చెప్పేవాడు. ఆడబిడ్డ కోసం పోతూ సారా సంగతి పరాయివాళ్ళ ముందు ఎందుకని బాపు ఊరుకున్నాడు. పోలీసులకు చూపడానికి ఆయనకు సిగ్గు లేదు, తోటి ప్రయాణికుడికి చెప్పడానికే సిగ్గు.

తాడిపత్రి దాటాక బండి కడప జిల్లాలోకి ప్రవేశించి ఒక చిన్న స్టేషన్లో ఆగింది. తలపాగాలు పెట్టుకున్న ఇద్దరు పోలీసులు మా బోగీ ఎక్కారు. ఒకాయన హెడ్డు కానిస్టేబులు, వయసు మీద పడ్డవాడు. వాళ్ళు ఎవరి మూటనూ ముట్టుకోలేదు. ఎండకు విసిగిపోయి, ఈ తలుపున ఎక్కి ఆ తలుపున దిగడానికి వచ్చినట్టు నడుస్తున్నారు. బాపు లేచి నిలబడి మూట విప్పాడు.

"వద్దప్పా, లోపల పెట్టుకో, లోపల పెట్టుకో" అని తమలపాకులాయన గొంతు తగ్గించి అన్నాడు. అప్పటికే సీసా బాపు చేతిలో ఉంది.

"సలాం సాబ్. ఏ సర్కారీ సీల్ కా హై. రసీద్ భీ హై" అన్నాడు బాపు. మా ఊళ్ళో పోలీసులతో ఉర్దూలోనే మాట్లాడాలి. అదే మర్యాద.

హెడ్డు ఆగాడు. సీసా చూశాడు. తర్వాత బాపు మొహం చూశాడు. ఎగతాళి చేస్తున్నాడని అనుకున్నట్టున్నాడు.

"ఎవురయ్యా నువ్వు? యాడినుంచి వస్తాండావు?"

"హైదరాబాద్ సాబ్. బిడ్డ బాలింత. సాక పొయ్యాలెనని తెచ్చిన."

"నిన్ను నేనడిగితినా? మూట విప్పమంటినా?"

"లేదు సాబ్. నేనే చూపిస్తున్న."

"ఎందుకు చూపిస్తివయ్యా!" అని హెడ్డు గట్టిగా అరిచాడు. నాకు ఇప్పటికీ ఆ అరుపు కోపంగా వినిపించదు. బోగీ నిండా జనం చూస్తున్నారు. కింద ప్లాట్‌ఫారం మీద స్టేషన్ మాస్టరు చూస్తున్నాడు. రెండో పోలీసు, కుర్రవాడు, అప్పటికే సీసా అందుకున్నాడు. ఇంతమంది ముందు చూసినదాన్ని చూడలేదని హెడ్డు అనలేడు.

"నేను దొంగతనంగ తెచ్చిన్నా సాబ్? సర్కారు దుకాన్ల కొన్న. గిదిగో రసీదు."

"ఏ సర్కారు? మీ సర్కారు వేరే, మా సర్కారు వేరే. ఇది ఈ జిల్లాలో ఒంటిమీదుంటే చాలు, కేసే. దిగు."

మమ్మల్ని దించారు. బండి కదిలింది. తమలపాకులాయన కిటికీలోంచి నాకు నాలుగు ఆకులు ఇచ్చాడు. ఏమివ్వాలో తోచక ఇచ్చి ఉంటాడు. వాటిని నేను చాలాసేపు చేతిలోనే పట్టుకుని ఉన్నాను.

హెడ్డు చెడ్డవాడు కాదు. బాపు చేతులకు బేడీ వేయలేదు. నాకు కుండలో నీళ్ళు ఇప్పించాడు. స్టేషన్ మాస్టరుతో చెప్పి పట్టాల వెంట బావకు కబురు పంపించాడు. సాయంత్రానికి బావ ట్రాలీ మీద వచ్చాడు. హెడ్డు అతన్ని పక్కకు పిలిచి చెప్పడం నేను విన్నాను.

"మీ మామను ఏమనాలో నాకు తెలియడంలేదబ్బాయ్. గుడ్డలో పెట్టుకుని కూర్చోనుంటే నేను చూసేవాణ్ణి కాదు. వాళ్ళ ఊళ్ళో చూపిస్తే వదిలేస్తారంట. ఈడ చూపిస్తే పట్టుకోవల్ల."

బాపును ఆ రాత్రి అక్కడే ఉంచి, మర్నాడు తాలూకా ఊరికి తీసుకుపోయారు. బావ నన్నూ వెంటబెట్టుకుని కోర్టుకు వచ్చాడు. పసుపు గుడ్డతో సహా సీసా మేజిస్ట్రేటు బల్ల మీద ఉంది. అంతా ఒక బర్రెను పిండేంత సేపట్లో అయిపోయింది.

"నీ మూట ఎవరైనా బలవంతంగా విప్పించారా?" అని మేజిస్ట్రేటు అడిగాడు.

"లేదు సాబ్. నా అంతట నేనే చూపిన" అన్నాడు బాపు. నిజం చెబితే విడిచిపెడతారన్న నమ్మకం ఆయన గొంతులో ఇంకా ఉంది. గుమాస్తా అది రాసుకున్నాడు. అంటే నేరం ఒప్పుకున్నట్టు రాసుకున్నాడని బావ బయటికి వచ్చాక చెప్పాడు. అమ్మవారికి పోయడానికని బాపు రెండుసార్లు అన్నాడు. దేవుడికైనా దయ్యానికైనా చట్టం ఒకటేనన్నాడు మేజిస్ట్రేటు. కోపంగా అనలేదు. బాపు వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. అందరూ అక్కడి కూలీలు, కల్లుగీతవాళ్ళు. ఒక ముసలావిడ కల్లు ముంతతో సహా నిలబడి ఉంది.

జుర్మానా కట్టాలి, లేదా నెల రోజులు జైలు. జుర్మానా ఇంగ్లీషు సర్కారు కల్దారు రూపాయల్లో కట్టాలి. మా దగ్గర ఉన్నవి ఎక్కువగా హాలీ రూపాయలు, హైదరాబాదు సర్కారు నాణేలు. తిరుగు టికెట్లకు మాత్రం కల్దారు మార్పించి, అవ్వ వేరే ముడి వేసి ఇచ్చింది. ఆ కోర్టులో హాలీ రూపాయి చెల్లదు. బజారులో ఒక షావుకారు మారుస్తానన్నాడు కానీ సగానికి సగం అడిగాడు, అలా మారిస్తే జుర్మానాకు చాలదు. ఆ ముడి విప్పితే జుర్మానాకు సరిపోతుంది, అక్క టికెట్టుకు మిగలదు.

కోర్టు వరండాలో బాపు ఆ ముడిని బావ చేతిలో పెట్టాడు.

"నేను నెల రోజులుంట అల్లుడా. నాకేమైతది, కూసుంట. నువ్వు రేపే పెద్దదాన్ని, పసిబిడ్డను, గీ చిన్నదాన్ని తీస్కొని బండెక్కు. దవాఖాన్ల మంచం ఉన్నది."

"సెలవు..."

"ఇయ్యకుంటె నౌకరి పోనీ. పిల్ల పోతే తెస్తవా?"

బావ తల ఊపాడు. అతను మంచివాడు. ఇది రాయకపోతే అన్యాయం. రైల్వేలో వాళ్ళు సారా కేసు వాడి అల్లుడివా అని అప్పటికే అడుగుతున్నారు. అయినా పోయి సెలవు తెచ్చుకున్నాడు, టికెట్లు తెచ్చాడు, మూటలు కట్టాడు. స్టేషన్ దాకా అక్క నడవలేదని ఎద్దుబండి తెచ్చి ఇంటి ముందు నిలిపాడు.

నేను అక్కను చూసి రెండేళ్ళు దాటింది. ఆ గదిలోకి పోయినప్పుడు మంచం మీద ఉన్నది మా అవ్వ అనుకున్నాను. అంత ముసలిగా కనిపించింది. చెయ్యి పట్టుకుంటే కాలుతోంది. పైన నల్ల బండలు ఎండను పీల్చుకుని చీకటి పడ్డాక కూడా వేడి వదిలేవి. బిడ్డ పిల్లిపిల్లంత ఉంది, ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు.

"బాపు ఏడి?" అంది అక్క. బావ చెప్పాడు. సీసా సంగతి కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండవలసింది. కానీ బాపు ఎందుకు రాలేదో మరి ఎలా చెప్పాలి?

 మర్నాడు ఎద్దుబండి తోలేవాడు బయటినుంచి పిలిచాడు. నేను బిడ్డను ఎత్తుకున్నాను. అప్పుడు అక్క మంచం దిగి, నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది.

"సాక లేకుండ నేను కదల" అంది.

"రైలుకు ఆలస్యమైతాంది" అన్నాడు బావ.

"గప్పుడు సుత గిదే మాట అన్నవు."

అంతే. బావ చేతిలోని మూట కింద పెట్టాడు.

నేను బతిమాలాను. దవాఖాన గురించి చెప్పాను, ఆయా గురించి చెప్పాను. తాడిపత్రి ఒక గంట దూరమే, అది వేరే జిల్లా, అక్కడ బందు లేదు, దుకాణం తెరిచే ఉంది, దిగి కొని సాక పోద్దామన్నాను. "పొలిమేర దాటినంక పోస్తే ఏం ఫాయిదానే? పోసి దాటాలె" అంది అక్క. బావ ఒక ముంతలో మేకపాలు తెచ్చి, ఇవి పోద్దామన్నాడు. "తల్లిని మోసం చేస్తమా? ఒక్కణ్ణి ఇచ్చిన, సాలదా?" అంది. గుట్టల్లో దొంగసారా కాస్తారని ఎవరో అంటే, అటు పోదామని బావ రెండు రోజులు చూశాడు. కానీ ఆ కేసు అయినప్పటినుంచి ఒక పోలీసు రోజూ ఇంటి ముందునుంచి నడిచిపోయేవాడు. బావ కూడా జైలుకు పోతే మాకు నీళ్ళు తెచ్చేవాడు కూడా ఉండడు.

"బాపు వస్తడు. నెలనే గద. బాపు వచ్చి పోస్తడు, గప్పుడు పోదాం" అనేది అక్క. జ్వరం దిగిన పూటల్లో మామూలుగా మాట్లాడేది. మా బర్రెలన్నిటినీ ఒక్కొక్కదాన్నీ అడిగేది. నల్లకొమ్ముది ఇంకా తన్నుతోందా, లాల్‌దర్వాజా ముసలమ్మ ఇంకా పాలు పలచన అంటోందా. నేను చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేది.

బిడ్డకు నేను మేకపాలు గుడ్డ వత్తితో పట్టేదాన్ని. బిడ్డ నిలదొక్కుకుంది. అక్క నిలదొక్కుకోలేదు. బాపుకు ఇంకా పది రోజుల జైలు ఉందనగా, ఒక మధ్యాహ్నం, మాటల మధ్యలో, నల్లకొమ్ము బర్రె పేరు తీసి ఆగిపోయింది. నేను తర్వాతి మాట కోసం చూస్తూ కూర్చున్నాను.

ఆమెను అక్కడే వాగు పక్కన పెట్టారు. మా బంధువులు ఎవరూ లేరు. గ్యాంగువాళ్ళే మోశారు. బాపుకు ఎవరూ చెప్పలేదు. బావ జైలు దాకా పోయి, గేటు దగ్గర నిలబడి, తిరిగి వచ్చాడు. "ఆయన అనుకుంటుండు మీరంత దవాఖాన్ల ఉన్నరని. ఇంక గీ పది రోజులన్న అనుకోనీ" అన్నాడు.

బాపును వదిలే రోజు నేనూ బావా గేటు ముందు నిలబడ్డాం. బిడ్డ నా చంకలో ఉంది. బాపు బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. మొదట బావను చూసి చెయ్యి ఎత్తాడు. తర్వాత నన్ను చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నువ్వింక ఈడనే ఉన్నవేందే?" అన్నాడు.

మేము ఏమీ చెప్పవలసిన అవసరం రాలేదు. ఆయన అక్కడే దుమ్ములో కూలబడ్డాడు. జైలు జవాను వచ్చి, గేటు ముందు కూర్చోగూడదు, పక్కకు జరగమన్నాడు. జరిగాడు.

బావ పనిలో అక్కడే ఉండిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు బాపు బండిలో కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. తాడిపత్రిలో బండి ఆగింది. స్టేషన్ కంచెకు అవతల, వేపచెట్టు కింద సారా దుకాణం కనిపిస్తోంది. నలుగురైదుగురు తాగుతున్నారు. ఒకడు పాట పాడుతున్నాడు. పోలీసు ఒకాయన వాళ్ళ పక్కనే నిలబడి బీడీ కాలుస్తున్నాడు. బండి కదిలేదాకా బాపు అటే చూశాడు. పట్టాలు అవే, భాష అదే, జనం వాళ్ళే. ఒక గంట వెనకటి జిల్లాలో దానికే జైలు.

మా హద్దు దగ్గర కరోడ్‌గిరి వాళ్ళు ఎక్కారు. బాపు లేవలేదు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళు లాక్కుని విప్పారు. అక్క చీర ఒకటి, బిడ్డ గుడ్డలు.

ఇంటికి చేరినప్పుడు అవ్వ బర్రెలకు దాణా పెడుతోంది. నన్ను చూసింది, చంకలో బిడ్డను చూసింది, బాపు వెనక ఎవరైనా వస్తున్నారా అని దారి వైపు చూసింది. ఎవరూ రాలేదు. దాణా గంప కింద పెట్టింది.

"సాక పోసినవా?" అంది.

అక్క ఏదని అడగలేదు. బాపు లేదని తల ఊపాడు. అవ్వకు ఆ ఒక్క జవాబుతో అన్నీ తెలిసిపోయాయి. బతికి ఉన్నంత కాలం సాక పోయనందుకే అక్క పోయిందని ఆమె నమ్మింది. చూపించినందుకే పోయిందని బాపు నమ్మాడు. ఈ రెండు నమ్మకాలతో వాళ్ళు ఒకే ఇంట్లో, ఒకరినొకరు ఏమీ అనకుండా బతికారు. నేను ఇంత వయసు వచ్చాక ఆ రోజులు లెక్కపెట్టి చూస్తే, కోర్టు మర్నాడు బండి ఎక్కి ఉంటే మూడో రోజుకు అక్క దవాఖానలో ఉండేది. ఆ జ్వరానికి అప్పట్లో దవాఖానలో కూడా అందరూ బతికేవాళ్ళు కాదని తర్వాత ఆయా చెప్పింది. కాబట్టి నా లెక్క కూడా ఎక్కడికీ చేరదు.

మేము పాలు పోసే ఒక వకీలు సాబ్ ఇంట్లో ఈ సంగతి తెలిసి, ఆయన ఒక పొద్దున బాపును కూర్చోబెట్టి అంతా అడిగాడు. విని, "వాళ్ళు అడిగే దాకా నీ మూట నువ్వు విప్పవలసిన పని లేదు. తీర్పు మీద పైకోర్టుకు పోయి ఉండొచ్చు. పూజకని ముందే అర్జీ పెట్టుకుంటే వినేవారేమో" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. బాపు చేతులు కట్టుకుని విన్నాడు.

"గివన్ని ఏడ రాసి ఉంటయి సాబ్?" అని అడిగాడు.

"పుస్తకాల్లో."

"అచ్ఛా" అన్నాడు బాపు. పాలు కొలిచి పోసి వచ్చాడు.

వానలు పడ్డాక అవ్వ ఒక ఆదివారం ముంత నిండా కల్లు తెచ్చింది. బిడ్డను నేను ఎత్తుకున్నాను. నాకా దాటి, అవతల పొలిమేర మైసమ్మ గద్దె దగ్గరికి నలుగురం పోయాం. అవ్వ బిడ్డ తలకు ఆ ముంత తాకించి, గద్దె ముందు నేల మీద ధారగా పోసింది. సగం పోసి ఆపింది.

"వచ్చిన దానికి పోసిన. రాని దానికి ఏడ పొయ్యాలె?" అంది.

 బాపు మిగిలిన సగం కల్లు మీద ఒక పసుపు గుడ్డ కప్పి ముంత తానే పట్టుకున్నాడు. ఇంటి దగ్గర దేవుడి గూట్లో పెడదామని అనుకుని ఉంటాడు. నాకా దగ్గరికి వచ్చాం. బాపును పదేళ్ళుగా ఎరిగిన జవానే కూర్చుని ఉన్నాడు. గుడ్డ తీస్తాడని బాపు వైపు చూశాడు. బాపు ఆగాడు. గుడ్డ తీయలేదు.

"ఏంది భాయ్, కొత్తగ చేస్తున్నవు? చూపియ్యవా?" అన్నాడు జవాను.

బాపు ముంత పట్టుకుని నిలబడే ఉన్నాడు. జవాను లేచి వచ్చి, గుడ్డ లాగి, ముంతలో చెయ్యి పెట్టి అడుగు దాకా కలియబెట్టి చూశాడు. చెయ్యి విదిలించి పొమ్మన్నాడు.

అవ్వ ముంత అందుకుంది. అది ఇక ఏ దేవతకూ పనికిరాదు. నాకా పక్కన మోరీలో పోసేసి, ఖాళీ ముంత చంకలో పెట్టుకుని మా ముందు నడిచింది.